గంజాయి వ్యాపారము - మదుపుదారుల వ్యాజ్యములు

ప్రోనోటు వ్రాయించుకొని అప్పిచ్చిన వానికి ఒక ధీమా ఉండును. బాకీదారు మాట తప్పినను న్యాయస్థానమున్నది కదా యని వాని ధైర్యము. అప్పిచ్చినది నిజము, బాకీ తీరనిది నిజము. అయినను న్యాయస్థానము కలుగజేసికొనుటకు నిరాకరించినచో ఆ ధీమా ఏమగును? అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున 2012 ఏప్రిల్ నెలలో ఇట్టి తీర్పే వెలువడినది.

ఆరిజోనా వాస్తవ్యులు ఇద్దరు, కొలరాడో రాష్ట్రములోని గంజాయి విక్రయశాలకు చెరి 2,50,000 డాలర్లు అప్పిచ్చిరి. వైద్యావసరములకై గంజాయి అమ్ముటకు కొలరాడో శాసనము అనుమతించినది. బాకీ తీరకపోగా వారు దావా వేసిరి. బాకీపడిన సంస్థ చేసిన వాదము వింతయైనది: తన వ్యాపారము కేంద్ర శాసనమునకు విరుద్ధము గనుక ఆ అప్పు పత్రములు చెల్లవని! మాదకద్రవ్యములను గూర్చిన 1970 నాటి కేంద్ర శాసనము గంజాయి అమ్మకమును నేరముగా పరిగణించుచున్నందున, ఆ అమ్మకము కొరకే చేసికొనిన ఒప్పందమును అమలుపరుపజాలనని న్యాయస్థానము చెప్పినది. అయిదు లక్షల డాలర్ల పత్రములు వట్టి కాగితములైనవి.

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను, శాసనవిరుద్ధమైన ఉద్దేశముతో చేసికొనిన ఒప్పందము చెల్లదని స్పష్టముగా చెప్పుచున్నది. దొంగసరుకు పంచుకొనుటలో వచ్చిన తగవును తీర్చుమని ఎవరును న్యాయస్థానమునకు పోరు. అయితే అమెరికాలో వచ్చిన చిక్కు వేరు. అక్కడ ఒకే వ్యాపారమునకు రాష్ట్రము లైసెన్సు ఇచ్చి పన్ను వసూలు చేయుచుండగా, కేంద్రము దానినే నేరమనినది. రెండు శాసనముల నడుమ మదుపుదారు చిక్కుకొనినాడు.

న్యాయస్థానములన్నియు ఒకే త్రోవను పోలేదు. 2016లో కాలిఫోర్నియాలోని ఒక కేంద్ర న్యాయస్థానము ఎదుటకు మరియొక నోటు వచ్చినది. గంజాయి సాగుకు సంబంధించిన వ్యాపారమును అమ్మి, వెలకుగాను నోటు వ్రాయించుకొనిన వ్యక్తి అందు వాది. సొమ్ము చెల్లింపుమని ఆజ్ఞాపించినంత మాత్రమున ఎవరినీ గంజాయి పండింపుమని గాని అమ్ముమని గాని ఆజ్ఞాపించినట్లు కాదని న్యాయస్థానము వివేచించి, దావాను త్రోసివేయుటకు నిరాకరించినది. ఒక చోట మూసికొనిన తలుపు మరియొక చోట తెరచుకొనినది.

వ్యాపారము దివాలా తీసినప్పుడు ఈ చిక్కు మరింత ముదురును. సాధారణముగా ఒక ధర్మకర్త నియమింపబడును. అతడు ఆస్తిని స్వాధీనపరచుకొని, అమ్మి, ఋణదాతలకు పంచిపెట్టును. అమెరికాలో దివాలా వ్యవహారములు కేంద్ర న్యాయస్థానములకు చెందినవి. కొలరాడోలో గంజాయి పండించుచుండిన దంపతులు దివాలా రక్షణ కోరగా, 2015లో అప్పీలు న్యాయస్థానము కూడ కాదనినది. ధర్మకర్త గంజాయి మొక్కలను స్వాధీనపరచుకొని అమ్మినచో, అతడే కేంద్ర శాసనమును ఉల్లంఘించిన వాడగును గదా!

ఇక ఉత్తరమున నున్న కెనడా సంగతి చూతము. అచ్చట 2018 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన శాసనము దేశమంతటను గంజాయి వ్యాపారమును క్రమబద్ధము చేసినది. శాసనమున్నను తగవులు తప్పలేదు. ఒంటారియో రాష్ట్రమున కాన్‌ట్రస్ట్ అను కంపెనీ 2019 మే నెలలో వాటాలు అమ్మి, 15 కోట్ల అమెరికా డాలర్లకు పైగా సేకరించినది. పెల్హామ్ పట్టణములోని తమ తోటశాలలో అయిదు గదులందు లైసెన్సు రాకముందే పంట పండించినట్లు ఆరోగ్యశాఖ తనిఖీలో తేలినదని జూలై 8న ఆ కంపెనీయే ప్రకటించినది. వాటాల ధర పడిపోయినది. సెప్టెంబరులో ప్రభుత్వము లైసెన్సును నిలుపుదల చేసినది. ముఖ్యమైన సంగతిని దాచి తమకు వాటాలు అమ్మిరని మదుపుదారులు కెనడాలోను అమెరికాలోను సామూహిక వ్యాజ్యములు వేసిరి.

2020 మార్చిలో కంపెనీ ఋణదాతల నుండి రక్షణ కోరుచు న్యాయస్థానమును ఆశ్రయించినది. వ్యాపారము దేశ శాసనమునకు లోబడినది కనుక ఆ తలుపు తెరచియే ఉన్నది. ఆ ఏర్పాటులో భాగముగానే మదుపుదారుల వ్యాజ్యములు రాజీపడి, సుమారు 12 కోట్ల 95 లక్షల కెనడా డాలర్ల పరిహార నిధి ఏర్పడినది. పోయినదంతయు తిరిగి వచ్చినదని కాదు. న్యాయము అడుగుటకు ఒక చోటు దొరికినది.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. ఆ కంపెనీ మాజీ అధికారులు ముగ్గురిపై ప్రభుత్వపక్షమున 2021లో మోపిన నేరారోపణలు 2022 డిసెంబరులో వీగిపోయి, వారు నిర్దోషులుగా విడుదలైరి. రాజీ సొమ్ము నేరమునకు ఒప్పుకోలు కాదు. పరిహారము కోరు వ్యాజ్యము వేరు, శిక్ష కోరు అభియోగము వేరు. రెండింటికిని రుజువు ప్రమాణములు వేరు.

మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము, వైద్య శాస్త్రీయ అవసరములకు అనుమతించిన మేరకు తప్ప, గంజాయి సాగును, అమ్మకమును నిషేధించినది. కనుక ఈ వ్యాజ్యములు దూరపు సంగతులని తోచవచ్చును. కాని సముద్రముల కావల స్థిరపడిన మన బంధువులు ఎందరో క్రొత్త వ్యాపారములలో సొమ్ము పెట్టుచున్నారు. ఇంత లాభము వచ్చునని చెప్పువారు అన్ని చోట్లను దొరకుదురు. వారిని అడుగదగిన ప్రశ్నలు మూడు: ఈ వ్యాపారమును అనుమతించినది ఏ శాసనము? దానికి పై శాసనము ఏమి చెప్పుచున్నది? తగవు వచ్చిననాడు మన పత్రమును చేతబట్టుకొని ఏ న్యాయస్థానమునకు పోగలము? మూడవ ప్రశ్నకు జవాబు లేనిచోట లాభపు లెక్కలు ఎంత అందముగా ఉన్నను మూట విప్పకుండుటయే మేలని మేము తలంచెదము.