టర్బో కార్ల ఇంజను కంప్యూటరులో మార్పులు: తెలుసుకోవలసిన అంశాలు

ప్రత్యేక వ్యాసం

హైదరాబాదు: పాతబస్తీలోని ఛత్రినాక, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ వంటి ప్రాంతాల ఇరుకు వీధుల్లో సైతం టర్బోఛార్జరు అమర్చిన చిన్న కార్లు నేడు సర్వసాధారణమయ్యాయి. వీటి శక్తిని మరింత పెంచుకోవాలన్న ఉత్సాహంతో కొందరు వాహనదారులు ఇంజనును నియంత్రించే కంప్యూటరులోని పట్టికలను మార్పిస్తున్నారు. వాడుకలో రీమ్యాపింగ్ అని పిలిచే ఈ పనిలో జరిగే పొరపాటు ఇంజనుకు, పర్యావరణానికి నష్టం కలిగించడమే గాక యజమానిని చట్టపరమైన చిక్కుల్లోకి నెట్టే అవకాశం ఉంది. ఈ నేపథ్యంలో దీని పూర్వాపరాలను వాహనదారులు, మెకానిక్కులు, తనిఖీ అధికారులు అవగాహన చేసుకోవడం ఎంతైనా అవసరం.

ఇంధనం, జ్వలన సమయం

ఇంజను వేగం, లోనికి వచ్చే గాలి ఒత్తిడి ఆధారంగా ఎంత ఇంధనం చిమ్మాలి, స్పార్క్ ప్లగ్గు ఎప్పుడు వెలగాలి అన్న విలువలు కంప్యూటరులో పట్టికలుగా నిక్షిప్తమై ఉంటాయి. వీటినే మ్యాపులంటారు. సాధారణ పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలును. పూర్తి భారం పడినప్పుడు మంట వేడిని అదుపులో ఉంచేందుకు అవసరాన్ని బట్టి ఇంధనం పాలు మరికొంత పెంచుతారు.

జ్వలన సమయం ఇంతకన్నా సున్నితమైనది. ఇంజను నిమిషానికి 6,000 సార్లు తిరుగుతున్నప్పుడు క్రాంక్‌షాఫ్టు సెకనులో వెయ్యో వంతు కాలానికే 36 డిగ్రీలు తిరుగుతుంది. మిశ్రమం మండడానికి కొంత వ్యవధి కావాలి గనుక పిస్టను పై అంచుకు చేరక ముందే నిప్పురవ్వ పుట్టాలి. అది అవసరానికి మించి ముందుగా పుడితే మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే ఒక్కసారిగా మండి నాకింగ్ ఏర్పడుతుంది. టర్బో ఇంజనులో ఇది తీవ్రమైతే పిస్టను పగిలే ప్రమాదముంది. మరీ ఆలస్యమైతే వేడి ఎగ్జాస్టులోకి చేరి టర్బోను దెబ్బతీస్తుంది.

స్థానిక పరిస్థితుల ప్రభావం

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు 6 శాతం తక్కువ. అంతే ఒత్తిడిని అందించేందుకు టర్బో మరింత వేగంగా తిరగాలి. ఫలితంగా గాలి మరింత వేడెక్కుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు, ఛత్రినాక వంటి రద్దీ కూడళ్లలో వాహనం నిలిచి నిలిచి కదిలినప్పుడు, ఇంటర్‌కూలరుకు చల్లగాలి తగలదు. చల్లని ప్రాంతంలో మెరుగైన ఇంధనంతో తయారైన మ్యాపును యథాతథంగా ఇక్కడి కారులో ఎక్కించడం ఈ కారణంగానే ప్రమాదకరం.

నిపుణులు ముందుగా మూల ఫైలును భద్రపరచి, ప్లగ్గులు, ఇంజెక్టర్లు, గాలి గొట్టాల స్థితిని సరిచూస్తారు. డైనమోమీటరుపై గాలి-ఇంధన నిష్పత్తిని, నాకింగును కొలుస్తూ జ్వలన సమయాన్ని స్వల్పంగా, దశలవారీగా సవరిస్తారు. టార్కు పెరగడం ఆగిన చోట తామూ ఆగుతారు. ఇటువంటి కొలతలు లేకుండా చేసే మార్పు కేవలం ఊహపై ఆధారపడినదే.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షను వాహనాల మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణ చట్టం ద్వారా మార్చిన 182-ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. మార్చిన మ్యాపు వల్ల ఇంధనం అధికమైతే కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది, క్యాటలిటిక్ కన్వర్టరు దెబ్బతింటుంది.

పెట్రోలు కార్ల కాలుష్య తనిఖీ వాహనం నిలిపి ఉంచి, భారం లేకుండా జరుగుతుంది. పూర్తి భారం వద్ద మాత్రమే ప్రభావం చూపే మార్పు ఈ తనిఖీలో బయటపడకపోవచ్చునన్న విషయాన్ని అధికారులు గమనించాలి. సాఫ్ట్‌వేరు ద్వారా ఉద్గారాలను దాచవచ్చునన్న సంగతి 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల ఉదంతంలో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది డిసెంబరులో భారతదేశంలోనూ సుమారు 3.23 లక్షల వాహనాల రీకాల్‌ను ఆ సంస్థ ప్రకటించింది.

తయారీదారు స్వయంగా విడుదల చేసే సాఫ్ట్‌వేరు సవరణలను అధీకృత సర్వీసు కేంద్రాల్లో చేయించుకోవడం శ్రేయస్కరం. పాత కారు కొనేవారు కంప్యూటరులో మార్పులు జరిగాయేమో ముందే పరీక్షింపజేసుకోవాలి. కొద్దిపాటి అదనపు వేగం కోసం ఇంజనును, వారంటీని, ఇరుకు వీధుల్లో ఆ పొగను పీల్చే చిన్నారుల ఆరోగ్యాన్ని పణంగా పెట్టరాదని వాహనదారులు గుర్తించాలి.