ఘాట్‌లో పాత కారుకు గొట్టమే గండం

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి మంచు చూడడానికి వచ్చేవారి కార్లు తెల్లవారకముందే నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటాయి. ఆ వరసలో ఏదో ఒక మలుపు దగ్గర బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ నిలబడిన పాత కారు కనిపించడం వింతేమీ కాదు. చూసినవారు ఇంజను పోయిందనుకుంటారు. చాలాసార్లు ముందుగా పోయేది ఇంజను కాదు. జానెడు రబ్బరు గొట్టమో, రూపాయి బిళ్ళంత సీలో పోతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఆ వెనక ఇంజను పోతుంది.

మంచు చూడవచ్చినవారికి మరో బండి దొరుకుతుంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లోని ఊళ్ళ సంగతి అలా కాదు. రాత్రివేళ పురిటి నొప్పులు వచ్చిన మనిషిని కిందికి దించాలన్నా, మిరియాల మూటలు సంతకు చేర్చాలన్నా ఊళ్ళో ఉన్న ఒక్క పాత కారో, జీపో దిక్కు. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆనాటి కార్లు మాత్రం చేతులు మారి పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి. వాటి ఇనుము గట్టిదే కావచ్చు, రబ్బరుకు మాత్రం వయసు మీద పడింది.

హీటరు అంటే చిన్న రేడియేటరు

ఇంజను వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. పంపు ఆ నీటిని రేడియేటరుకు పంపుతుంది, గాలికి చల్లబడి నీరు మళ్ళీ ఇంజనుకు చేరుతుంది. హీటరు ఉన్న కారులో ఇంకో దారి కూడా ఉంటుంది. ఇంజను నుంచి రెండు సన్నటి రబ్బరు గొట్టాలు డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న రేడియేటరులోకి వెళతాయి. ఒకదానిలో వేడి నీళ్ళు వస్తాయి, రెండోదానిలో తిరిగి పోతాయి. దాని మీదుగా ఫ్యాను గాలి వీచితే కారు లోపల వెచ్చబడుతుంది, అద్దం మీది మంచు విడిపోతుంది. కొండ మీద తెల్లవారుజామున దారి కనబడాలంటే ఈ హీటరు అవసరమే.

రేడియేటరు మూత ఈ నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. అందుకే మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, సుమారు 0.9 కిలోల ఒత్తిడి మూత ఉంటే 118 డిగ్రీల దాకా మరగదు. గొట్టం చిట్లిందంటే నీటితోపాటు ఆ ఒత్తిడీ పోతుంది. మిగిలిన నీరు వెంటనే మరిగిపోతుంది. వేడికి ఇంజను హెడ్డు వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. గొట్టం మార్చడానికి అయ్యేది వందల్లో ఖర్చు. హెడ్డు విప్పితే అయ్యేది వేలల్లో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ముందే తెలిసే గుర్తులు

గొట్టం చెప్పకుండా పోదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వేళ్ళతో నొక్కి చూడాలి. కట్టెలా గట్టిపడి నెర్రెలు కనబడినా, నానిన రొట్టెలా మెత్తబడినా దాని పని అయిపోయినట్టే. ఇంజను ఆయిలు కారి గొట్టం మీద పడుతుంటే రబ్బరు మరీ త్వరగా ఉబ్బి చెడుతుంది. క్లిప్పుల దగ్గర తెల్లటి లేదా పచ్చటి పొర పేరుకుంటే అక్కడ నీరు ఊరుతోందని అర్థం.

ముందు సీటు కాళ్ళ దగ్గర చాప తడిసినా, హీటరు వేయగానే తియ్యటి వాసన వచ్చినా, అద్దం మీద జిడ్డు పొగ పట్టినా కారేది కారు లోపలే. హీటరు పెట్టె గాని, దాని మూతి దగ్గర సీలు గాని పోయి ఉంటుంది.

వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి నీరు చుక్కలుగా పడితే లోపలి సీలు అరిగిందన్నమాట. కొందరు ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేస్తారు. అది పెద్ద పొరపాటు. బయటికి దారి లేని నీరు బేరింగులోకి పోయి పంపునే పట్టేసేలా చేస్తుంది.

మార్చే పద్ధతి

పని మొదలుపెట్టేముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని ఉదయం విప్పడం మంచిది. వేడి మీద రేడియేటరు మూత తిప్పితే మరిగే నీరు ముఖాన చిమ్మి ఒళ్ళు కాలుతుంది. ఎంత తొందర ఉన్నా ఈ ఒక్క పని చేయకూడదు.

రేడియేటరు కింది బిరడా విప్పి నీటిని బేసినులో పట్టాలి. అందులో కూలెంటు కలిసి ఉంటే నేల మీద వదలరాదు. అది తియ్యగా ఉంటుంది, కాని విషం. కుక్కలు, మేకలు తాగితే చస్తాయి. పిల్లలకు అందనీయకూడదు.

క్లిప్పు వదులు చేశాక గొట్టాన్ని పట్టి లాగకూడదు. హీటరు మూతులు పలచటి ఇత్తడివో, అల్యూమినియంవో అయి ఉంటాయి. బలవంతం చేస్తే వంగుతాయి, విరుగుతాయి. మూతికి గీత పడకుండా గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి ఒలవాలి. తరువాత మూతిని సన్నటి గరుకు కాగితంతో రుద్ది తుప్పు, పాత రబ్బరు పోగొట్టాలి.

పాత ముక్కను వెంట తీసుకుపోయి అదే లోపలి కొలత, అదే వంపు ఉన్న గొట్టం కొనాలి. వేడి నీటికి తయారైన గొట్టమే కావాలి. పెట్రోలు గొట్టం, తోట పైపు పనికిరావు. తిన్నటి గొట్టాన్ని బలవంతంగా వంచితే మడత పడి నీటి దారి మూసుకుపోతుంది. మూతి చివర చిన్న అంచు ఉంటుంది. గొట్టం ఆ అంచు దాటి ఎక్కాలి, క్లిప్పు అంచుకు వెనక కూర్చోవాలి. అతిగా బిగిస్తే క్లిప్పు రబ్బరును కోసేస్తుంది.

రెండు గొట్టాల్లో ఒకటి పోతే రెండూ మార్చడం మేలు. రెండింటి వయసూ ఒకటే. థర్మోస్టాట్ గ్యాస్కెట్, హీటరు కుళాయి సీలు వంటివి విప్పితే పాతవి తిరిగి పెట్టరాదు.

నీరు పోసేటప్పుడు హీటరు మీటను పూర్తి వేడి వైపు ఉంచాలి. లేకపోతే హీటరులో గాలి నిలిచిపోతుంది. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంటే గాలి సులువుగా బయటికి వస్తుంది. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక నీటి మట్టం చూసి, క్లిప్పులు మరోసారి బిగించాలి. పోసే నీటి సంగతీ ముఖ్యమే. ఉప్పు బోరు నీళ్ళు పోస్తే కాగు అడుగున పట్టినట్టు సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సగం సగం కలపడం మంచిది.

పసుపు వైద్యం వద్దు

రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోయడం చాలా షెడ్లలో ఉన్న అలవాటే. కారడం ఆ పూటకు ఆగవచ్చు. ఆ పసుపే హీటరు సన్నటి దారుల్లో గడ్డకట్టి కూర్చుంటుంది. ఒక చిల్లు మూయబోయి మొత్తం దారి మూసినట్టవుతుంది.

ఘాట్‌లో ముల్లు పైకి లేస్తే

ఎక్కుడులో వేడి ముల్లు ఎరుపు వైపు పోతుంటే ముందు ఏసీ ఆపాలి. హీటరు పూర్తిగా వేసి, ఫ్యాను గట్టిగా తిప్పి, అద్దాలు దించాలి. ఇంజను వేడిలో కొంత హీటరు ద్వారా బయటికి పోతుంది. మలుపు కాని చోట బండి ఆపుకోవాలి. ముల్లు పైన ఉండగానే హీటరు నుంచి చల్లగాలి వస్తే నీరు అయిపోయిందని గ్రహించి వెంటనే ఇంజను ఆపాలి. నీరు పూర్తిగా పోతే ముల్లు కిందికి కూడా పడిపోవచ్చు. అది చూసి ధైర్యపడితే ఇంజను పట్టేస్తుంది.

చల్లారేదాకా, కనీసం అరగంట ఆగాలి. కాలే ఇంజను మీద చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగలవచ్చు. గొట్టం చివర చిట్లితే ఆ మేరకు కోసి మళ్ళీ ఎక్కించవచ్చు. మధ్యలో చిట్లితే సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, నీరు పోసి, ఒత్తిడి పెరగకుండా మూత వదులుగా ఉంచి, మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. అంతకుమించి ఆ కట్టును నమ్మరాదు.

చలికాలం రాకముందే, తీరిక ఉన్న ఒక ఉదయం బానెట్ ఎత్తి నాలుగు గొట్టాలు నొక్కి చూస్తే చాలు. అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టి బండి తీయమన్నప్పుడు ఆ బండి కొండ దిగి తీరాలి.