ఒక్కరే పాడుతుంటే అన్ని శబ్దాలు ఎలా వస్తాయి?

2004లో బ్రిటన్ టీవీలో కేటీ టన్‌స్టాల్ అనే గాయని గిటార్ పట్టుకుని ఒక్కతే నిలబడి పాడింది. కానీ వింటే దరువు, వెనక కోరస్ గొంతులు కూడా ఉన్నాయి! మరి మిగతావాళ్లు ఎక్కడ?

పిల్లలూ, రహస్యమంతా ఆమె కాలి కింద ఉంది. దాని పేరు లూప్ పెడల్. ఒకసారి తొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. మళ్లీ తొక్కితే అప్పటిదాకా రికార్డయిన ముక్కనే ఆగకుండా తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో ముక్క, ఆపైన మరొకటి చేర్చుకుంటూ పోవచ్చు. అంతకు చాలా ముందే, 1973లో, రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో అనే సంగీతకారులు ఇలాంటి పొరలను రెండు టేప్ రికార్డర్లతో పేర్చారు.

ఇలా పేర్చే పొరలన్నీ ముందే అనుకున్నవా, అప్పటికప్పుడు పుట్టినవా? ముగ్గు సంగతి చూడండి. చుక్కలు పెట్టి వేస్తే ఏ గీత ఎటు వెళ్లాలో ముందే తెలుసు. చుక్కల్లేకుండా వేస్తే ఒక గీతను చూశాకే తర్వాతి గీత తడుతుంది.

లూప్ సంగీతమూ అంతే. కొందరు ఏ ముక్క ముందు, ఎంత పొడవు, ఎక్కడ ఆపాలి అన్నీ సాధన చేసి వస్తారు. కొందరు మొదటి ముక్కను వింటూనే రెండోది అల్లుతారు. ఇది సాహసమే! ఎందుకంటే పెడల్ కాస్త ఆలస్యంగా తొక్కితే ప్రతి చుట్టులోనూ తాళం తడబడుతుంది. తప్పు స్వరం పడితే అదీ మళ్లీ మళ్లీ వస్తుంది. నేర్పున్నవాళ్లు దానికి నప్పే స్వరాలు చేర్చి అందంగా మార్చేస్తారు.

అందుకే చాలామంది రెండూ కలుపుతారు. దరువు ముందే అనుకున్నది, దానిపైన పలికే రాగం అప్పటికప్పుడు తోచింది. ఈసారి అలాంటి కచేరీ చూస్తే ఏది ఏదో మీరే కనిపెట్టండి!