మంచులో ఏకాంతమూ, ఒంటరితనమూ

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏకాంతాన్ని మనిషి కోరుకుంటాడు. యోగి అడవిలోనూ, కవి ఏటిగట్టునా దానిని వెదకుకుంటారు. ఒంటరితనాన్ని ఎవరూ కోరరు. నలుగురి నడుమ ఉన్నవానికి కూడా అది వచ్చి పడుతుంది. తెలుగులో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నప్పటికీ, చిత్రాలను చూచేటప్పుడు ఈ భేదం తరచుగా మరుగున పడుతుంది. ఒంటరితనాన్ని గీయుమని తరగతిలో కాగితాలిస్తే, పిల్లలు ఒక మోడుచెట్టు గీసి, దానికింద ఒక మనిషిని నిలబెట్టి, మిగిలిన కాగితాన్ని తెల్లగా వదలివేస్తారు. శూన్యమే ఒంటరితనమని పెద్దల నమ్మకం కూడా.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి ఐరోపా చిత్రకారుల శీతకాలపు చిత్రాలు చక్కగా ఉపకరిస్తాయి. తెలుగువానికి మంచు అనగానే తోచేది గడ్డిపరకపై బిందువు, తెల్లవారుజామున పొలంమీద పరచుకున్న తెర. ఎండ ఎక్కగానే అది పోతుంది. ఐరోపా మంచు అటువంటిది కాదు. మాసాల తరబడి కదలదు. దారిని కప్పుతుంది, గట్టును కప్పుతుంది, నీటిని రాయిగా మారుస్తుంది. ఆ తెలుపులో దేనిని మిగల్చాలో నిర్ణయించుకొనడమే అక్కడి చిత్రకారుని పని.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1868-69 శీతకాలంలో, నార్మండీలోని ఎత్రెతా సమీపాన ఒక మంచు దృశ్యాన్ని చిత్రించాడు. దానిపేరు ‘మాగ్‌పై’. నలుపు తెలుపులు కలిసిన కాకిజాతి పక్షి ఒకటి దడి తలుపుపై వాలి ఉన్నది. మనుషులు లేరు. పిల్లల లెక్క ప్రకారం ఇది మహా ఒంటరి చిత్రం కావలసినదే. గాని చూచేవానికి దిగులు కలుగదు. దడి వెనుకనుంచి వచ్చే ఎండ మంచుపై నీలినీడలను పరచింది; తెలుపులో పసుపు, గులాబి, నీలం మెదలుతున్నవి. వెలుగే అక్కడ తోడుగా ఉన్నది. ఇది ఏకాంతం. 1869లో పారిస్ సలోన్ ప్రదర్శన న్యాయనిర్ణేతలు ఈ చిత్రాన్ని తిరస్కరించారు. నేడది ఆ నగరంలోనే ఓర్సే మ్యూజియంలో ఉన్నది.

దీనికి మూడువందల ఏండ్లకు పూర్వం, 1565లో, పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడు కొయ్యపలకపై తైలవర్ణాలతో ‘మంచులో వేటగాళ్లు’ అన్న చిత్రాన్ని వ్రాశాడు. ఆంట్వెర్ప్ నగరపు ధనిక వర్తకుడు నిక్లాస్ యోంగెలింక్ కోసం సంవత్సరంలోని ఋతువులను చూపుతూ వ్రాసిన చిత్రమాలలో ఇదొకటి. ఆ మాలలో అయిదు మిగిలి ఉన్నవి. ఇది వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో ఉన్నది. ఎత్తు 117 సెంటీమీటర్లు, వెడల్పు 162. అచ్చుప్రతిలో మన అరచేతిలో ఇమిడిపోయే ఈ దృశ్యం వాస్తవానికి కిటికీ అంతటిదని గుర్తుంచుకోవాలి.

ఇందులో జనానికి కొదవ లేదు. దిగువన రెండు చెరువులు గడ్డకట్టి ఉన్నవి. వాటిపై ఎందరో జారుతూ, పడుతూ, ఆడుతూ ఉన్నారు. ఎడమవైపు సత్రం ముందు కొందరు పంది వెండ్రుకలు కాల్చడానికి మంట వేశారు. చర్చి గోపురం, ఇండ్లు, పైన పక్షులు — ఊరికి ఉండవలసినవన్నీ ఉన్నవి. అయినా చూచేవాని గుండెలో ఏదో బరువు దిగుతుంది. ఎక్కడినుంచి?

ఎడమ మూలన ముగ్గురు వేటగాళ్లు ఇంటిముఖం పట్టారు. ముగ్గురూ మనకు వెన్నుచూపి ఉన్నారు. తలలు వంగినవి, కాళ్లు మంచులో దిగబడుతున్నవి. ఇన్ని కుక్కలను వెంటబెట్టుకొని అడవికి పోయినందుకు దక్కినది ఒక్క నక్క. అది ఒకని భుజాన బల్లెపుకర్రకు వ్రేలాడుతున్నది. కుక్కలు కూడా తలలు దించి ఈడ్చుకుంటూ నడుస్తున్నవి. మంటవద్ద ఉన్నవారు పదడుగుల దూరంలోనే ఉన్నారు గాని ఒక్కరూ తల త్రిప్పి చూడరు. వేటగాళ్లూ వారివైపు చూడరు. సత్రపు పేరుపలక ఒక కొక్కెం ఊడి వంకరగా వ్రేలాడుతున్నది. దానిని సరిచేసే తీరిక ఎవరికీ ఉన్నట్లు లేదు. మనుషులున్నారు, చూపులు కలియవు. బ్రూగెల్ ఒంటరితనాన్ని పెట్టినది ఈ కలియని చూపుల మధ్యనే.

రంగు కూడా ఆ పనే చేస్తుంది. ఆకాశమూ, చెరువులూ ఒకే ఆకుపచ్చ కలిసిన బూడిదవర్ణం. సూర్యుడు లేడు, అందుచేత నీడలూ లేవు. మోనే చిత్రంలో నీడలు ఎండ ఎక్కడున్నదో చెబుతాయి. ఇక్కడ వేళ ఎంతయినదో తెలియదు. నల్లని చెట్ల వరుస గుట్టమీదినుంచి చూపును చెరువులవైపు లాగుకొని పోతుంది. వేటగాళ్లుమాత్రం పైననే ఉండిపోతారు. కన్ను క్షణంలో చేరిన చోటికి వారు కాళ్లీడ్చుకుంటూ చేరాలి. ఆవల ఆ దేశంలో లేనేలేని కొండశిఖరాలు నిలిచి ఉన్నవి. ఇటలీ యాత్రలో ఆల్ప్స్ పర్వతాలు దాటినప్పుడు చూచిన శిలలను బ్రూగెల్ తన సమతల దేశానికి తెచ్చి నిలబెట్టాడు.

దీనిని ఉల్లాసమైన పల్లె దృశ్యంగా చూచేవారున్నారు. చెరువుల భాగాన్నిమాత్రమే కత్తిరించి చూపితే వారి మాట నిజమే. మొత్తం చిత్రం ముందు నిలబడినవానికి వేరొక సంగతి తెలుస్తుంది. చిత్రకారుడు ప్రేక్షకుని వేటగాళ్ల వెనుక నిలిపాడు. అంటే వారికంటె వెనుకబడినవాడు, వారికంటె ఆలస్యంగా ఇల్లు చేరవలసినవాడు మరొకడున్నాడు. ఆ నాలుగవవాడు చూచేవాడే. రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ 1972లో తీసిన ‘సొలారిస్’ చలనచిత్రంలో, భూమికి దూరమైన అంతరిక్ష నిలయంలో ఈ చిత్రపు ప్రతిని గోడకు తగిలించి, కెమెరాను దానిపై మెల్లగా నడిపించాడు. భూమిమీది ఇంటికి బెంగపడినవానికి అంతకంటె తగిన చిత్రం దొరకదు.

కుడిమూలన, క్రిందుగా, చక్రం గడ్డకట్టి ఆగిపోయిన నీటిమర ఉన్నది. దాని సమీపంలోని చిన్న వంతెనపై ఒక స్త్రీ కట్టెలమోపు ఎత్తుకొని పోతున్నది. తొందరగా చూచి పోయేవారికి ఆమె కనుపించదు. చెరువుపై ఆడేవారిలో ఎవరూ ఆమెవైపు చూడడం లేదు. ఆమె కూడా ఆగలేదు.