ట్యాబు చార్జరు పనిచేయనిచో ఏమి చూడవలెను?

బోరు మోటారు తిరగనప్పుడు ఏ రైతూ మొట్టమొదటనే మోటారును పైకి ఎత్తించడు. కరెంటు ఉన్నదా, మూడు ఫేజులూ వచ్చుచున్నవా అని ముందు చూచును. తరువాత ఫ్యూజులు, ఆ తరువాత స్టార్టరు, అటుపిమ్మట కేబులు, దాని అతుకులు చూచును. ఇవన్నియు బాగుగనే ఉన్నవని తేలినప్పుడే మోటారును ఎత్తుటకు మనుషులను పిలుచును. బి.కొత్తకోట, మదనపల్లె ప్రాంతములలో బోర్లు ఎంత లోతునకు పోయినవో, ఒక్కమారు ఎత్తి దింపుటకు ఎంత ఖర్చగునో మేము మీకు చెప్పనక్కరలేదు. ఆ ఖర్చే మీకు ఈ వరుసను నేర్పినది.

కాని ఇంటిలో పిల్లవాని ట్యాబుకు చార్జింగు ఎక్కనప్పుడు మనము ఈ వరుసను మరచిపోవుచున్నాము. "చార్జరు పోయినది" అని మదనపల్లెకు బస్సెక్కి కొత్తది తెచ్చెదము. దానితోను ఎక్కనిచో "అయితే ట్యాబే పోయినది" అని బీరువాపై పడవేసెదము. ఈలోగా పరీక్షలు దగ్గరపడును.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21 నుండి ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులు పంచిరి. 2023 డిసెంబరులో మరియొక విడత ఇచ్చిరి. మీ ఇంట ఉన్నది వాటిలో ఒకటి కావచ్చును, మీరు సొంతముగ కొన్నదైనను కావచ్చును. ఏదైనను రెండు మూడేండ్లు వాడిన తరువాత ముందుగా అరిగిపోవునది సాధారణముగా ట్యాబు కాదు, చార్జరు పెట్టె కూడ కాదు. ఆ రెంటిని కలుపు వైరు. అందుచేత క్రొత్తది కొనుటకు ముందు ఈ క్రింది వరుసలో చూడవలెను. ఒక్కమారు ఒక్క వస్తువునే మార్చవలెను. వైరు, పెట్టె రెండును ఒకేమారు మార్చినచో ఏది చెడినదో ఎన్నటికిని తెలియదు.

సాకెట్టు

చార్జరును మరియొక గదిలోని సాకెట్టులో పెట్టి చూడవలెను. అచ్చట పనిచేసినచో తప్పు మొదటి సాకెట్టుది. లోపలి ఇత్తడి పట్టులు కాలక్రమమున వదులగును. చార్జరు బరువునకు క్రిందికి వాలి, పిన్నులు ఒకప్పుడు తగులుచు, ఒకప్పుడు తగలకుండును. చిటపట శబ్దము వచ్చినను, సాకెట్టు చుట్టు నల్లగా మాడినను దానిని ఆ క్షణము నుండి వాడరాదు. మెయిను ఆపి పని తెలిసినవానిచే మార్పించవలెను.

ఇచ్చట ఒక పొరపాటును గూర్చి హెచ్చరింపవలసి యున్నది. సాకెట్టులో టెస్టరు పెట్టగా వెలిగినది గనుక కరెంటు ఉన్నదని చాలమంది నిశ్చయించుకొందురు. టెస్టరు వెలుగుట ఫేజు ఉన్నదని మాత్రమే తెలుపును. న్యూట్రలు తీగ ఊడిపోయినను టెస్టరు వెలుగుచునే యుండును, చార్జరు మాత్రము పనిచేయదు. కనుక టెస్టరును నమ్మక, అదే సాకెట్టులో ఒక బల్బును గాని, బాగుగ పనిచేయుచున్న మరియొక ఫోను చార్జరును గాని పెట్టి చూచుటయే సరియైన పరీక్ష.

వైరు

ఇరుగుపొరుగు వారి నుండి అదే రకపు మొన గల వైరును అడిగి తెచ్చి, మీ చార్జరుకే తగిలించి చూడవలెను. చార్జింగు ఎక్కినచో మీకు కావలసినది వైరు మాత్రమే. ఈ ఒక్క పరీక్షతో చాల ఇండ్లలో సమస్య తీరిపోవును.

వైరు బయటికి చక్కగానే కనబడుచు లోపల తెగియుండును. తెగునది మెడ దగ్గర, అనగా మొన నుండి వైరు మొదలగు చోట. చార్జింగులో ఉండగనే ట్యాబును ఒడిలో వంచి పట్టుకొని చూచుటవలన పిల్లలు ఆ మెడను వేలసార్లు విరుతురు. లోపలి రాగిపోగులు వెంట్రుకలవలె సన్ననివి, ఒక్కొక్కటిగా తెగుచుండును. మొన దగ్గర వైరును మెల్లగా అటునిటు కదల్చినప్పుడు చార్జింగు గుర్తు వచ్చుచు పోవుచున్నచో అనుమానము తీరినట్లే.

అట్టి వైరును ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టి వాడుట మనవారికి అలవాటు. మోటారు కేబులుకు అతుకు వేసిన చేతులకు ఇది చిన్నపనిగ తోచును. కాని ఇందులో రెండు ఆంపియర్ల కరెంటు దారపుపోగు వంటి తీగలో ప్రవహించును. అతుకు వదులైనచో అచ్చట వేడి పుట్టును. పైగా బయలుదేరునది 5 వోల్టులే గనుక, అతుకులో అర వోల్టు పోయినను ట్యాబునకు చేరునది నాలుగున్నరయే. అంతట ట్యాబు కరెంటు తీసికొనుటను తగ్గించుకొనును, లేదా పూర్తిగా మానును. దాని మరమ్మతుకంటె కొత్త వైరే చౌక.

ట్యాబులోని పోర్టు

కొత్త వైరుతోను ఎక్కనిచో వైరు మొన దూరు రంధ్రమును, అనగా చార్జింగు పోర్టును, టార్చి వెలుగులో చూడవలెను. పుస్తకముల సంచిలో తిరుగు ట్యాబు గనుక అందులో సుద్దపొడి, నూలుపోగులు, మన ఎర్రమన్ను చేరును. మొన దూర్చిన ప్రతిసారి ఆ చెత్త అడుగుకు దిగి గట్టిపడును. మొన పూర్తిగా లోనికి పోక కొంచెము బయటకు కనబడుచున్నచో ఇదే కారణమని ఎంచవచ్చును. ఈ వ్యాసము వ్రాయువారి ఇంటనే రెండు చార్జర్లు కొన్న తరువాత, పోర్టు అడుగున నూలుపోగుల ఉండ ఉన్నదని కనుగొంటిమి. చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుగనే ఉన్నది.

శుభ్రము చేయుటకు ముందు ట్యాబును పూర్తిగా ఆపవలెను. పండ్లు కుట్టుకొను సన్నని కొయ్యపుల్లతో, బలము ఉపయోగింపక, అంచుల వెంబడి మెల్లగా గీచి చెత్తను బయటికి లాగవలెను. పిన్నీసు, సూది మొదలగు లోహపు వస్తువులు బొత్తిగా పనికిరావు; లోపలి సన్నని తాకుళ్లు వంగిపోవును. నోటితో ఊదరాదు, ఉమ్మితడి లోనికి పోవును. పోర్టులో తడి చేరినచో కొన్ని ట్యాబులు నీటిచుక్క గుర్తు చూపి చార్జింగును తామే ఆపుకొనును. అట్టప్పుడు వైరు తీసివేసి, మొన క్రిందికి ఉండునట్లు పట్టి తట్టి, గాలి తగులుచోట ఆరనీయవలెను. పొయ్యి దగ్గర పెట్టరాదు. బియ్యపు డబ్బాలో పూడ్చుట వలన ప్రయోజనము లేదు, పోర్టులో తవుడు చేరుటయే మిగులును.

చార్జరు పెట్టె

సాకెట్టు, వైరు, పోర్టు మూడును బాగున్నవని తేలిన తరువాతనే చార్జరు పెట్టెను అనుమానింపవలెను. దానిని నిశ్చయించుట సులభము. మీ పెట్టెతో వేరొక ఫోనుకు చార్జింగు పెట్టి చూడవలెను. వేరొక పెట్టెతో మీ ట్యాబుకు పెట్టి చూడవలెను. మొదటిది విఫలమై రెండవది ఫలించినచో పెట్టె చెడినట్లే.

అది ఎందుచేత చెడును? కరెంటు తక్కువగా వచ్చుటచేత అని మనవారు అనుకొందురు. పగలు త్రీఫేజు వచ్చిన వెంటనే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నియు ఒక్కసారిగా లేచును. ఊరిలో దీపములు మసకబారును. కాని చార్జరుకు ఇది పెద్ద బాధ కాదు. దానిపైనున్న సన్నని అచ్చును చదివినచో, ఇన్‌పుట్ అనుచోట 100 నుండి 240 వోల్టుల వరకు అని ఉండును. లైటు మసకబారినను చార్జరు తన పని తాను చేసికొనును. దీనికొరకు స్టెబిలైజరు కొననక్కరలేదు.

దానిని చంపునవి రెండు. ఒకటి న్యూట్రలు తెగుట. ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చు లైనులో ఏ ఫేజుకైనను న్యూట్రలుకు మధ్య 230 వోల్టులుండును. రెండు ఫేజుల మధ్య సుమారు 400 ఉండును. గాలికో, తుప్పుకో న్యూట్రలు అతుకు ఊడినచో, వేర్వేరు ఫేజులపైనున్న ఇండ్లు ఆ 400 వోల్టులను తమలో పంచుకొనవలసి వచ్చును. ఆ పంపకము సమముగ జరుగదు. వాడకము ఎక్కువగ ఉన్న ఫేజుకు తక్కువ వోల్టులు, తక్కువగ ఉన్న ఫేజుకు ఎక్కువ వోల్టులు పోవును. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు లేక, చార్జర్లు మాత్రము పెట్టి నిద్రించు వీధికే ఎక్కువ దెబ్బ. కొన్ని బల్బులు కన్ను చెదరునట్లు వెలుగుచు, పొరుగింట మినుకుమినుకు మనుచున్నను, ఫ్యాను అమితవేగముతో తిరిగినను తడవు చేయక మెయిను ఆపి, లైన్‌మన్‌కు గాని 1912 నంబరుకు గాని తెలుపవలెను. పొరుగువారికి కూడ చెప్పవలెను.

రెండవది పిడుగు. హార్సిలీకొండ ప్రక్కల ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నము ఎండ కాచి సాయంత్రము ఉరుములతో వాన పడుట మీరెరిగినదే. అట్టి వేళ స్విచ్చి ఆపితిమి గదా అని ఊరకుండరాదు. స్విచ్చి ఒక్క తీగనే విడదీయును. అదియు కొన్ని మిల్లీమీటర్ల ఎడము మాత్రమే. లైనుపై వచ్చు పిడుగుశక్తికి ఆ ఎడము లెక్కలోనిది కాదు. కాబట్టి మబ్బు పట్టినప్పుడే చార్జరును సాకెట్టు నుండి పూర్తిగా ఊడదీయవలెను. తలపై ఉరుములు మొదలైన తరువాత దానిని ముట్టుకొనక వదలివేయుటయే మేలు.

చెడిన పెట్టెను విప్పరాదు. పిల్లలను విప్పనీయరాదు. లోపలికి వచ్చిన 230 వోల్టుల కరెంటును అది ముందుగా సుమారు 325 వోల్టుల డి.సి.గా మార్చి ఒక చిన్న కెపాసిటరులో నిలువచేయును. సాకెట్టు నుండి తీసినను కొంతసేపు ఆ నిలువ ఉండి, చేయి తగిలినచో ఝాడించి కొట్టును. ఇంతకును విప్పి చేయగలిగినది స్వల్పము. పెట్టెను అంటించి మూసివేయుదురు గనుక తెరచిన తరువాత మరల భద్రముగ మూయుట కుదరదు. పగిలిన పెట్టెను రబ్బరుబ్యాండు వేసి వాడుట ప్రాణముతో చెలగాటము.

చార్జరు బాగున్నను ఎక్కనిచో

వేసవి సెలవులలో ట్యాబును రెండు నెలలు ముట్టుకొనక పెట్టినచో బ్యాటరీ పూర్తిగా అడుగంటును. అట్టి దానికి చార్జరు పెట్టినను వెంటనే ఏ గుర్తును కనబడదు. అరగంట సేపు అట్లే వదలి చూడవలెను. అప్పటికిని కదలనిచో పవరు బటనును, ధ్వని తగ్గించు బటనును కలిపి పది సెకండ్లు నొక్కి పట్టవలెను. చాల ట్యాబులు దీనితో తిరిగి మొదలగును.

రేకుల ఇంటిలో మిట్టమధ్యాహ్నము చార్జింగు ఆగిపోయి, రాత్రి మరల ఎక్కుచున్నచో అది రోగము కాదు. 45 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కిన లిథియం బ్యాటరీకి చార్జింగు ఎక్కించుట మంచిది కాదు గనుక ట్యాబు తనకు తానే నిలుపుకొనును. పరుపుపైన, దిండు క్రింద పెట్టక నేలపైనో బల్లపైనో పెట్టి, తెల్లవారుజామున చార్జింగు చేయవలెను.

కొందరు టి.వి.కి వెనుకనున్న రంధ్రమున వైరు గుచ్చి "రాత్రంతయు పెట్టినను నిండలేదు" అందురు. లెక్క చూడండి. 5100 మిల్లీ ఆంపియర్-అవరు బ్యాటరీలో సుమారు 20 వాట్-గంటల శక్తి పట్టును. 5 వోల్టులు, 2 ఆంపియర్ల చార్జరు 10 వాట్లు ఇచ్చును. నష్టములు పోగా మూడు గంటలలో నిండును. టి.వి. రంధ్రము సామాన్యముగ అర ఆంపియరు, అనగా రెండున్నర వాట్లు ఇచ్చును. పది గంటలు కావలెను. పిల్లవాడు పాఠము చూచుచుండగా పెట్టినచో, ఒక ప్రక్క వ్రేలెడు ధారతో తొట్టి నింపుచుండగా మరియొక ప్రక్క ఎద్దులు త్రాగుచున్నట్లే.

కొత్తది కొనునప్పుడు

పాత పెట్టెపైనున్న ఔట్‌పుట్ అంకెలను కాగితముపై వ్రాసికొని పోవలెను. వోల్టులు సరిపోవలెను. ఆంపియర్లు పాతదానితో సమముగనో, ఎక్కువగనో ఉండవచ్చును. ఎక్కువ ఆంపియర్లు గలది ట్యాబును కాల్చివేయునని భయపడనక్కరలేదు. ట్యాబు తనకు కావలసినంతయే తీసికొనును. త్వరిత చార్జర్లలో 9 వోల్టులు కూడ వ్రాసియుండును; ట్యాబు అడిగినప్పుడే అవి 9 ఇచ్చును, లేనిచో 5 వద్దనే ఉండును. తక్కువ ఆంపియర్లు గలది కొనిననే చిక్కు.

పెట్టెపైన భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తును, దానితో 'ఆర్' అను ఆంగ్లాక్షరము తరువాత ఎనిమిది అంకెలు గల నమోదు సంఖ్యను చూడవలెను. ఆ సంఖ్యను ఆ సంస్థ వారి 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో కొట్టినచో తయారీదారు పేరు కనబడును. దుకాణములో నిలబడియే చూడవచ్చును, రెండు నిమిషముల పని. సంతలో కుప్పపోసి అమ్ము చార్జర్లకు ఈ సంఖ్య ఉండదు, లేదా కొట్టిచూచిన మరెవరిదో వచ్చును. అట్టివాటిలో 230 వోల్టుల భాగమునకు 5 వోల్టుల భాగమునకు మధ్య ఉండవలసిన ఎడమును, అడ్డును తగ్గించి చౌక చేయుదురు. ఆ అడ్డు తెగిననాడు ఇంటి కరెంటు పిల్లవాని చేతిలోని ట్యాబులోనికి వచ్చును.

కొత్త పెట్టె, కొత్త వైరు పెట్టినను ఎక్కనప్పుడే ట్యాబును మరమ్మతు దుకాణమునకు తీసికొని పోవలెను. పోర్టు మార్చుట సాధారణమైన పని. ట్యాబంతయు పోయినదని చెప్పినచో మరియొక చోట కూడ చూపవలెను. అయితే ట్యాబు వీపు ఉబ్బినను, తెర అంచున లేచినను ఈ పరీక్షలేవియు చేయరాదు. అది బ్యాటరీ ఉబ్బుట. అట్టిదానికి చార్జరు తగిలింపక, నొక్కక, గుచ్చక, గడ్డివామికి, వంటింటికి దూరముగ సిమెంటు నేలపై ఉంచి, పని తెలిసినవానిచే ఆ బ్యాటరీని తీయించవలెను.