కొండ నడక: మనకు మనం పెట్టుకునే పరీక్ష



తిరుత్తణి కొండకు 365 మెట్లని మన ప్రాంతంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. డిసెంబరు 31 రాత్రి మెట్టుమెట్టుకీ కర్పూరం వెలిగించి, భజన చేసుకుంటూ పైకి వెళ్లే ఆచారం మీకు తెలిసిందే. అయితే పైదాకా రోడ్డు ఉంది కాబట్టి మిగతా రోజుల్లో మనలో చాలామందిమి బండి మీదే పోతున్నాం. నలభై దాటాక, అందులోనూ డాక్టరు "రోజూ నడవండి" అని చీటీ రాసిచ్చాక, ఆ మెట్లే మనకు మొదటి పరీక్ష అవుతాయి.

ఇలా తనకు తాను ఒక లెక్క పెట్టుకుని కొండలెక్కడం కొత్తేమీ కాదు. స్కాట్లండులో హ్యూ మన్రో అనే ఆయన 1891లో, 3,000 అడుగులకు మించిన కొండలన్నిటికీ ఒక జాబితా తయారుచేశాడు. ఇప్పటి లెక్క ప్రకారం అవి 282. వాటన్నిటినీ ఎక్కి తీరాలని పంతం పట్టేవాళ్లు నేటికీ ఉన్నారు. విచిత్రమేమిటంటే జాబితా రాసిన మన్రో తాను మాత్రం అన్నీ ఎక్కకుండానే 1919లో కన్నుమూశాడు.

మనకు అంత పెద్ద జాబితా అక్కర్లేదు. పూండి జలాశయానికి దగ్గరలో, అల్లికుళి కొండల్లో గుడియం గుహలున్నాయి. ఊరు దాటి తుప్పల మధ్య కొన్ని కిలోమీటర్లు నడవాలి. ఎక్కుడు పెద్దగా లేదు కనుక కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు. గుహ అంటే చీకటి బిలం అనుకోకండి. పెద్ద రాతి చూరు కింద నిలబడినట్టుంటుంది. ఆ రాతిని దగ్గరగా చూడండి. ఏటి ఒడ్డున దొరికే గుండ్రాళ్లు ఒకదానికొకటి అతుక్కుని గోడ అయినట్టు కనబడుతుంది. ఆదిమానవుడు చేతిగొడ్డలి చేసుకున్నది ఇలాంటి రాళ్లతోనే. ఆ పక్కనే ఉన్న అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ పనిముట్లను కనుగొన్నాడు. వాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పాఠ్యపుస్తకంలో పాత రాతియుగం గురించి చదివే మన పిల్లలకు ఆ చోటు ఇంత దగ్గరలో ఉందని తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఊత్తుకోట దాటి ఆంధ్ర వైపు వెళితే నాగలాపురం కొండలు, నారాయణవనం దగ్గర కైలాసకోన, వరదయ్యపాళెం వైపు ఉబ్బలమడుగు. కోన అంటే రెండు కొండల నడుమ లోయ. మద్రాసు నుంచి వచ్చేవాళ్లు కైలాసకోనను "కోనే ఫాల్స్" అంటారు. పేరులో కైలాసం పోయి కోన మాత్రం మిగిలింది! 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. కొండలు, వాగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మారిందల్లా అటవీ శాఖ బోర్డు మీది భాష.

ఆ బోర్డు మాట మాత్రం తప్పకుండా వినాలి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి, నడకకు వెళ్లినవాళ్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిన బోద నిప్పంటుకుంటే, గాలి తోడైతే, మనిషి పరుగు దాన్ని మించలేదు. పైగా మంట ఎగువకే వేగంగా పాకుతుంది, మనం కూడా భయంలో ఎగువకే పరుగెత్తుతాం. అందుకే ఎండాకాలంలో దారులు మూస్తే విసుక్కోకూడదు. 2024లో తమిళనాడు అటవీ శాఖ "ట్రెక్ తమిళనాడు" పేరుతో 40 దారులు తెరిచింది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే దారి చూపే మనిషిని తోడు ఇస్తారు. గుడియం అందులో ఒకటి. ఆంధ్ర వైపు అడవుల్లోకి వెళ్లాలన్నా అక్కడి అటవీ సిబ్బందిని అడిగే వెళ్లాలి.

మన కోనల్లో అసలు గండం నీళ్లు. మడుగు తేటగా ఉంటే లోతు తక్కువనిపిస్తుంది, కానీ కంటికి కనబడే లోతు కంటే అసలు లోతు ఎక్కువ. అడుగున బండలుంటాయి, అంచున పాచి. పందెం కాసి పైనుంచి దూకే కుర్రవాళ్లను చూస్తే నాకు గుండె దడ. మన దగ్గర ఎండ కాస్తున్నా కొండపైన వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నీళ్ల రంగు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి.

ఇక తయారీ సంగతి. రెండు నెలలపాటు వారానికి మూడుసార్లు తిరుత్తణి మెట్లెక్కండి. ఎక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే ఆగండి. గుండెజబ్బు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. మందు బిళ్లలు, కాస్త బెల్లం జేబులోనే ఉండాలి. నడకకు మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, పట్టున్న బూట్లు. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లండి, ఏ దారిన పోతున్నారో ఇంట్లో చెప్పండి. మధ్యాహ్నం మూడయ్యేసరికి దిగుదారిలో ఉండాలి.

ఒక నోటుపుస్తకంలో తేదీ, చోటు, పట్టిన సమయం రాసుకోండి. సగంలో వెనక్కి వచ్చిన నడకలను కూడా రాయండి. వాన చూసి తిరిగొచ్చామని రాసుకున్న పేజీని నేనైతే కొట్టివేయను.

గుడియం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడ రాతి చూరుకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద కేకలు వేయకండి, పొగ పెట్టకండి. సెలవు.