మిరియాల నారుగృహంలో గాలితేమ యాజమాన్యం

విశాఖ మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లపైకి పాకించిన మిరియాల తీగ గిరిజన కుటుంబాలకు కాఫీతో పాటు అదనపు ఆదాయాన్ని సమకూరుస్తున్నది. ఈ తీగను విత్తనంతో కాక కాండపు ముక్కలతో వృద్ధి చేస్తారు. తల్లి తీగ మొదట్లో నేలపై పాకే రన్నర్లను పుల్లలకు చుట్టి ఉంచి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కత్తిరించి, సంచులలో నాటి, జూన్, జూలై వర్షాలకు తోటలోకి చేర్చడం ఆనవాయితీ. అంటే మొక్క నారుగృహంలో గడిపే కాలంలో తొలి భాగం ఏడాదిలోకెల్లా పొడిగా ఉండే రోజులు, చివరి భాగం తొలకరి. గాలిలో తేమ చాలకపోవడం మొదటి సమస్య కాగా, అది ఎక్కువ కావడం రెండవ సమస్య. మార్చిలో మొక్కను కాపాడిన పద్ధతినే జూన్‌లోనూ కొనసాగిస్తే అదే నారును కుళ్ళబెడుతుంది.

ఆకుతో సహా కత్తిరించిన ఒంటి కణుపు ముక్కకు వేరు ఉండదు. ఆకు మాత్రం పత్రరంధ్రాల ద్వారా నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటుంది. రాబడి లేని ఈ ఖర్చు కొన్ని రోజులు సాగితే ఆకు వాడి రాలిపోతుంది. వేరు తొడగడానికి కావలసిన ఆహారం ఆ ఆకు నుంచే రావాలి కాబట్టి ముక్క కూడా చనిపోతుంది. వేరు వచ్చేవరకు చుట్టూ ఉన్న గాలిని తేమతో నింపి ఆ ఖర్చును తగ్గించడమే నారుగృహం చేసే పని.

అయితే తేమ శాతం ఒక్కటే చూసి తృప్తిపడటం పొరపాటు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో తేమ 80 శాతం ఉంటే, ఆ గాలి ఇంకా పీల్చుకోగల ఆవిరి లోటు సుమారు 0.63 కిలోపాస్కల్. 35 డిగ్రీల వద్ద అదే 80 శాతానికి లోటు సుమారు 1.12 కిలోపాస్కల్. కొలత పరికరంలో అంకె మారలేదు, ఆకు కోల్పోయే నీరు మాత్రం రెట్టింపుకు చేరువవుతున్నది. అందుచేత మధ్యాహ్నం వేళ అదనంగా నీరు చల్లడం కంటే నీడ పెంచి ఉష్ణోగ్రతను తగ్గించడం మేలైన మార్గం. పాలిథిన్ పైకప్పు మీద నీడ వల లేకపోతే లోపల వేడి నిలిచిపోయి, ఎంత నీరు చల్లినా ముక్కలు వాడిపోతాయి.

పెద్ద పాలిహౌస్ నిర్మించుకోలేని రైతులకు గుంత పద్ధతి చాలా అనుకూలమైనది. చల్లని నీడలో 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల గుంత తీసి, మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు సమపాళ్ళలో నింపిన సంచులను అందులో పేర్చి, ఒంటి కణుపు ముక్కలను నాటి, పైన పాలిథిన్ షీటు కప్పుతారు. రోజ్ క్యానుతో రోజుకు కనీసం ఐదు సార్లు నీరు చల్లి, ప్రతిసారీ వెంటనే షీటు మూయాలన్నది సిఫారసు. ఇందులో సమయమూ ముఖ్యమే. ఐదు తడులూ పగటి ఎండలో పూర్తి కావాలి. సాయంత్రం పొద్దుపోయాక చల్లిన నీరు ఆకుపైనే తెల్లవారుతుంది.

రాత్రి జరిగేది పైకి కనబడదు. 28 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీలకు చల్లబడితే చాలు, మంచుబిందువుకు చేరుతుంది. మన్యంలో వేసవి రాత్రులు సైతం అంతకంటే చల్లబడటం సాధారణం. షీటు లోపలి వైపున నీరు చేరి, ఆకులపై చుక్కలుగా పడుతుంది. మిరియాలను తోటలో నిలువునా ఎండబెట్టే ఫైటోఫ్తొరా తెగులుకు కావలసింది ఈ నీరే. దాని సిద్ధబీజాలు నీటిపొరలో ఈదుతూ వ్యాపిస్తాయి. గాలి తేమగా ఉన్నా ఆకు పొడిగా ఉంటే వాటికి దారి దొరకదు. షీటును చదునుగా పరచక వెదురు బద్దలతో వంపుగా నిలిపితే నీరు అంచులకు జారిపోతుంది. తెల్లవారగానే కొద్దిసేపు అంచులు ఎత్తి ఆకులు ఆరనివ్వాలి. నారుపై నల్లని మచ్చలు కనబడిన సంచులను వెంటనే ఏరి దూరంగా నాశనం చేసి, మిగిలిన వాటిని లీటరు నీటికి 2 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణంతో తడపాలి. అయితే ఆకు తడి తగ్గించకుండా మందు మీదే ఆధారపడితే ఖర్చు తప్ప ఫలితం అంతంతమాత్రమే.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. రెండు సాధారణ ఉష్ణమాపకాలలో ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, ఎండ తగలకుండా, గాలి ఆడేచోట మొక్కల ఎత్తులో వేలాడదీస్తే సరిపోతుంది. పొడి బల్బు 30 డిగ్రీలు, తడి బల్బు 27 డిగ్రీలు చూపితే తేమ 80 శాతానికి దగ్గరగా ఉన్నట్లు. తేడా 5 డిగ్రీలు దాటితే గాలి పొడిబారుతున్నదని గ్రహించాలి. అసలు తేడా లేకపోతే, షీటు తెరవవలసిన వేళ అయినట్లే.

వేర్లు సంచి గోడల గుండా కనబడి, కొత్త చిగురు మొదలైన నాటి నుంచి తేమను క్రమంగా తగ్గించాలి. ఎప్పుడూ తడిగాలిలో పెరిగిన ఆకుపై మైనపు పొర పలుచగా ఉంటుంది, పత్రరంధ్రాలు బయటి పొడిగాలికి త్వరగా మూసుకోవు. అలాంటి మొక్కను ఒక్కసారిగా బయటికి తెస్తే, వేరు ఉండికూడా వాడిపోతుంది. మొదట ఉదయం, సాయంత్రం ఒక్కో గంట, తర్వాత పగలంతా, చివరకు రాత్రి కూడా షీటు తీసివేస్తూ కనీసం రెండు వారాలు అలవాటు చేయాలి. ఈ పని తొలకరికి ముందే పూర్తి కావాలి. వర్షాలు పడ్డాక కూడా కప్పు కిందే ఉన్న నారులో తెగులు సోకితే, అది సంచితో పాటే తోటకు చేరుతుంది. అక్కడ ఒక తీగ మొదట్లోని మట్టిలో నిలిచి, వాననీటితో పక్క చెట్టుకు పాకుతుంది. కాబట్టి పంపిణీకి ముందు ప్రతి సంచిని తిప్పి చూసి, వేరు తెల్లగా ఉన్నదీ లేనిదీ పరిశీలించి, గోధుమ రంగుకు తిరిగిన వాటిని మొక్క పైకి ఎంత పచ్చగా ఉన్నా పక్కన పెట్టాలి.